ఎత్తని చెయ్యి

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు అసలే చెప్పలేదు, ఎందుకంటే ఆ అబద్ధం చెప్పింది ఆమెతోనే. పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఈమాత్రం చెప్పగలుగుతున్నాను.

టీచరుగా ఎంపికై, మొదటి పోస్టింగ్ కోసం మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఎదురుచూస్తున్న రోజులవి. మాది తెలంగాణ సరిహద్దున కోర్పనా దగ్గర పత్తి పండించే ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. చంద్రపూర్‌లో నాకు తెలిసినవాళ్లు లేరు. మరఠ్వాడా నుంచి వచ్చిన సునంద, నేను ఒకే గదిలో అద్దెకున్నాం. ఆమెకూ ఇదే మొదటి ఉద్యోగం. ఆటోల రొద, బొగ్గు ధూళి, పొద్దున్నే ఇద్దరం పంచుకునే అటుకుల పోహా. వారం తిరక్కుండానే ఆ పట్నం మీద మనసు పడ్డాను.

చివరికి మమ్మల్ని ఒక హాల్లో కూర్చోబెట్టి బడులు కేటాయించారు. మధ్యలో అధికారి మరాఠీలో అడిగారు: "జివతి కొండల్లో ఒక బడి ఉంది. ఒకటో తరగతి పిల్లలకు తెలుగు తప్ప ఇంకో మాట రాదు. మీలో తెలుగు వచ్చినవాళ్లున్నారా?"

నా చెయ్యి ఒళ్లోనే ఉంది. ఫైలు గట్టిగా పట్టుకున్నాను. ఎందుకు ఎత్తలేదు? కొండెక్కితే మళ్లీ దిగలేనని భయమా? కాలేజీలో నా యాసకు నవ్వినవాళ్ల ముందు తెలుగుదాన్నని చెప్పుకోవడానికి సిగ్గా? రెండూ ఉన్నాయి. కానీ అసలు సంగతి ఇంకా చిన్నది. నాకు పట్నం కావాలి. ఒకటో తరగతిలో, బయటికి వెళ్తానని మరాఠీలో అడగడం రాక కూర్చున్నచోటే తడుపుకున్న పిల్లను నేను. ఆ రోజు అమ్మ నా లంగా ఉతుకుతూ ఏడ్చింది. అదంతా ఆ హాల్లో గుర్తొచ్చింది కూడా. అయినా ఎత్తలేదు. ఇదే నన్ను ఎక్కువ తినేస్తోంది.

ఎవరూ లేవలేదు. నేను పట్నం పక్కనున్న బడి కోరుకున్నాను. జాబితాలో నా వెనకే ఉన్న సునందకు కొండ మీది బడి మిగిలింది.

ఆ మధ్యాహ్నం గదిలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"యాడేసిండ్రు బిడ్డా?"

"చంద్రపూర్ దగ్గర్నే, అమ్మా."

"గా కొండల మన పిలగాండ్లున్నరు గద. తెలుగొచ్చినోళ్లు గావాలని అడగలేదా?"

"అడగలే."

"అడిగితే నువ్వే ముంగట లేస్తుంటివి. నాకెరుక లేదా నీ సంగతి!"

ఫోన్ పెట్టేసి చూస్తే సునంద సంచి సర్దుతోంది. నేను రోజూ అమ్మతో మాట్లాడేది ఏ భాషో ఆమె ఎప్పుడూ అడగలేదు. హాల్లో ఆ ప్రశ్న విన్నాక, ఆ రోజు అడగనక్కర్లేకపోయింది. నా మీద అరుస్తుందనుకున్నాను. నోట్‌బుక్ నా ముందు పెట్టి, "బయటికి వెళ్తావా అని పిల్లల్ని ఎలా అడగాలి? మరాఠీ అక్షరాల్లో రాసివ్వు," అంది. రాసిచ్చాను. క్షమించమని మాత్రం అడగలేదు.

రెండేళ్ల తర్వాత ఆమే ఫోన్‌లో చెప్పింది. ఒకటో తరగతిలో ఒక పాప మొదటి ఏడాదంతా నోరు విప్పలేదట, ఆ తర్వాత బడికి రావడం మానేసిందట. నన్నేమీ అనలేదు, ఊరికే చెప్పింది. ఆ పాప పేరు అడిగే ధైర్యం నాకు రాలేదు. ఇప్పుడు పదమూడేళ్లుంటాయి.

బదిలీ కోరుకోవచ్చు కదా అంటారేమో. ప్రతి ఏడూ ఫారం తెచ్చుకుంటాను, ప్రతి ఏడూ ఏదో ఒక సాకు దొరుకుతుంది. అమ్మ మాత్రం వచ్చిన చుట్టాలకల్లా చెబుతుంది, "మా బిడ్డను అడగలే గనీ, అడిగితే కొండకే పోతుండె" అని. నేను పక్కనే కూర్చుని తల వంచుకుని చాయ్ తాగుతాను.

తెలుగు రాయడం చిన్నప్పుడు తాత నేర్పాడు. నా అక్షరాలు వంకర. అయినా ఇది మరాఠీలో రాయబుద్ధి కాలేదు. ఆ హాల్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇన్నేళ్లకు ఇస్తున్నాను, ఇక ఆ పాపకు ఎందుకూ పనికిరాదని తెలిసీ.

వచ్చు సార్. నాకు తెలుగు వచ్చు.