పటంలో లేని పనస చెట్టు

నా చిన్నప్పుడు నన్ను నొప్పించిన వాళ్ళలో చాలామందిని నేను ఇంకా క్షమించలేదు. శృంగవరపుకోట దగ్గర జమీందారు గారి తోట బంగళాలో పెత్తనం చేసిన దివాన్జీ గారు వాళ్ళలో మొదటివారు. అయితే ఆయన వల్ల నొచ్చుకున్న ఆ రెండు రోజుల్లోనే మా అమ్మమ్మ వల్ల నాకొక మంచి బుద్ధి అబ్బింది. అందుకే అవి తలచుకున్నప్పుడు కోపం కన్నా ముందు అమ్మమ్మే గుర్తుకొస్తుంది.

అమ్మమ్మ ఆ బంగళాలో వంట చేసేది. జమీందారీలు అప్పటికే పోయాయి, తోట అడవిలా పెరిగిపోయింది. మద్రాసులో ఉండే చినబాబు గారు, అంటే జమీందారు గారి మనవడు, దాన్ని పాత పటం ప్రకారం మళ్ళీ తీర్చిదిద్దాలనుకున్నారు. వాళ్ళ తాతగారి కాలంలో ఒక దొర గుడ్డ మీద గీసిన పటం అది. అందులో బాటలు, కొలను, పూలమడులు, ఒక్కో చెట్టుకు ఒక్కో గుండ్రం ఉన్నాయి. బంగళా వెనక పచ్చిక, దాని నడుమ భోజనాల బల్ల కూడా ఉన్నాయి. పచ్చిక అంచున పెరిగిన పనస చెట్టు మాత్రం లేదు.

ఎలా ఉంటుంది? దాన్ని మా అమ్మ తన చిన్నతనంలో పిక్క పాతి మొలిపించింది. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. ఇది మీ అమ్మ చేతిది అని నాకు చూపించడానికి ఆ చెట్టు తప్ప మరేమీ మిగల్లేదు.

"పటంలో లేనిది పిచ్చిమొక్కే. రేపు బాబు గారు చూసి వెళ్ళాక కొట్టేయండి" అని దివాన్జీ గారు దాని మొదలుకి సున్నం గీత పెట్టించారు. నేను మాను వాటేసుకుని అరిచాను. "ఈ గుంటని ఎవరైనా అవతలికి తీసుకుపోండి" అన్నారు, నా వైపు చూడనైనా చూడకుండా.

వంటింట్లో పడి ఏడుస్తుంటే అమ్మమ్మ బియ్యం కడుగుతూనే అంది. "ఏడిస్తే గొడ్డలి ఆగుతాదేటే? మన మాట ఆలు ఇనరు. ఆల పటం మాటే ఇంటారు. రేపు నువ్వు నోరెత్తకుండా సూడు."

మర్నాడు చినబాబు గారు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. మంచి వేసవి. అమ్మమ్మ బల్లా కుర్చీలూ సరిగ్గా పటంలో ఉన్న చోటే, పచ్చిక నట్టనడుమ ఎండలో వేయించి కంచాలు పెట్టింది. దివాన్జీ గారు కసురుకోబోయారు.

"తమరే కదా బాబూ సెప్పినారు, అంతా పటంలో ఉన్నట్టే ఉండాలని. నాకేటి తెలుస్తాది" అంది అమ్మమ్మ, తల వంచుకుని వడ్డిస్తూ.

కుర్చీ వేడికి చినబాబు గారు కూర్చోలేక లేచి, లేవలేక కూర్చున్నారు. దివాన్జీ గారు నెత్తి మీద తువ్వాలు కప్పుకున్నారు. నేను పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. జీవితంలో అంత కష్టపడి ఎన్నడూ ఊరుకోలేదు. కాసేపటికి చినబాబు గారు కంచం చేత్తో పట్టుకుని నడిచి వెళ్ళి పనస చెట్టు కింద కూలబడ్డారు.

"దివాన్జీ గారూ, ఈ పటం గీసిన దొర ఇక్కడ ఒక్క వేసవైనా ఉన్నాడా?"

"ఏమో బాబూ, నాకు తెలీదు."

"ఉండుంటే ఈ చెట్టు తనే వేయించేవాడు. దీనికి కూడా ఒక గుండ్రం గీయండి."

దివాన్జీ గారు గీశారు. బఠాణీ గింజంత గీశారు. పైగా ఆ నీడలోనే రెండోసారి మజ్జిగ పోయించుకున్నారు గానీ, పిచ్చిమొక్క అన్న మాటను వెనక్కి తీసుకోలేదు.

చెట్టును వదిలేయమని నువ్వే అడగొచ్చు కదా అని తర్వాత అమ్మమ్మను నిలదీశాను. "అడిగితే నేదంటారు. కూకోబెడితే ఆలకే తెలుస్తాది" అంది.

నాది గొడవపడే స్వభావం. ఇన్నేళ్ళలో ఎన్ని అర్జీలు రాశానో నాకే తెలియదు. వేటికి ఎవరు జవాబు ఇవ్వలేదో మాత్రం గుర్తుంది. నెగ్గిన కొన్నీ అమ్మమ్మ పద్ధతిలో నెగ్గినవే. మొన్న మా వీధి చివర బస్సు షెల్టరును పడమటి ముఖంగా కట్టి, ఇనుప బెంచీ వేశారు. కట్టించిన ఇంజనీరు గారిని ఎండ తగ్గకముందే రమ్మని బతిమాలాను. అనవలసిన మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఆయన స్కూటరు దిగగానే వాటిని మింగేసి, "బస్సు వచ్చేదాకా కాస్త కూర్చోండి బాబూ" అన్నాను, మా అమ్మమ్మ అంత మెత్తగా.