దెబ్బ వినబడతాది, కాలు కనబడదు

2022 వేసవి, తమిళనాడు. కోవిల్‌పట్టి బస్టాండు వెనక వీధిలో నా టీవీ రిపేరు కొట్టు. ట్యూబు టీవీల కాలం నుంచీ అక్కడే ఉన్నాను. ఇప్పుడు టీవీలు చెడిపోవడం తక్కువ, చెడిపోయాయని మనుషులు అనుకోవడం ఎక్కువ. ఆ అనుకోవడాల మీదే నా పొయ్యి వెలుగుతోంది కాబట్టి గట్టిగా తిట్టుకోకూడదు. అయినా నాగలాపురం పక్క ఊరి బొమ్మయ్య విషయంలో మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

బొమ్మయ్య అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేస్త్రీ. పెద్ద హెచ్‌డీ టీవీ కొన్న మర్నాటి నుంచి ఫోన్లో ఒకటే గోల.

"అన్నా, ఈ పెట్టి శుద్ధ మోసం. మా నాయన పడం పెడితే రెండు కాళ్లు నాలుగుగా ఉండాయి!"

పెట్టి అంటే టీవీ, పడం అంటే బొమ్మ. పోయి చూశాను. క్రికెట్ పెడితే పచ్చిక కూడా లెక్కపెట్టొచ్చు. సినిమా అద్దంలా ఉంది. పెన్‌డ్రైవ్‌లోని ఆ ఒక్క వీడియోకే రోగం. అందులో బొమ్మయ్య తండ్రి మల్లప్ప జక్కమ్మ గుడి ముందు దేవరాట్టం ఆడుతున్నాడు. ఉరుమి డోలు వాయిస్తుంటే, తరాలుగా ఇక్కడే ఉంటున్న ఈ తెలుగువాళ్లలో మగవాళ్లు వరసకట్టి ఆడే ఆట అది. వరసకు ముందు నిలిచేవాడు చివర్లో ఒక ముగింపు అడుగు వేస్తాడు. మల్లప్ప వేసినట్టు ఇంకెవరూ వేయలేదట. ఆయన పోయాడు. వచ్చే కొడైలో, అంటే అమ్మవారి జాతరలో, ముందు నిలవాల్సింది బొమ్మయ్య. చుట్టుపక్కల ఊళ్ల చుట్టాలంతా వస్తారు. అతనికి గురువని చెప్పుకోవడానికి మిగిలింది ఈ వీడియో ఒక్కటే.

రోగం ఏమిటో చెబుతాను. పాత కెమెరా బొమ్మను ఒకేసారి మొత్తంగా తీయదు. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు తీస్తుంది. దీన్ని ఇంటర్‌లేస్డ్ అంటాం, ఒక్కో సగాన్ని ఫీల్డ్ అంటాం. రెండు సగాల మధ్య ఆడేవాడి కాలు కదిలిపోతుంది. ట్యూబు టీవీ కూడా అలాగే విడివిడిగా గీసేది కనుక గొడవ లేదు. కొత్త టీవీ తెర మొత్తం ఒకేసారి గీస్తుంది, అందుకని ఆ సగాలను సరిచేసుకోవాలి. అదే డీఇంటర్‌లేసింగ్. బాగా చేస్తే ఒక్కో ఫీల్డూ ఒక్కో బొమ్మవుతుంది. చెడగొడితే అంచులు దువ్వెన పళ్లలా లేస్తాయి, లేదా ఒక కాలు రెండు దయ్యపు కాళ్లవుతుంది. విరుదునగర్‌లో ఒక స్టూడియో వాళ్లు ఆ ఆట ఉన్న పాత వీడియో క్యాసెట్ తీసుకుని రెండు సగాలనూ కలిపేసి, సాగదీసి, హెచ్‌డీ చేశామని ఇచ్చారు. కలిపేశాక ఏ టీవీ విడదీయగలదు? అన్నంలో కలిపిన చల్లను మళ్లీ ముంతలోకి పోయమన్నట్టు ఉంటుంది.

ఇదంతా ఎన్నిసార్లు చెప్పినా గోడకు చెప్పినట్టే అయింది.

"హెచ్‌డీ చేసినారన్నా. పెట్టిలోనే ఏదో ఉండాది."

పైగా షార్ప్‌నెస్ చివరిదాకా పెంచేశాడు. రంగులు కళ్లు పొడిచేలా పెట్టాడు. చదరంగా ఉండాల్సిన పాత బొమ్మను తెర నిండా లాగి, బక్కపలచని తండ్రిని పహిల్వాన్ చేశాడు.

"పక్కల్లో నల్లగా ఉత్తదే విడిస్తే ఎట్లన్నా? కొనింది మొత్తం పెట్టిని కదా!"

మూలన కూర్చున్న వాళ్లమ్మ వీరమ్మ మాత్రం ఒకే మాట అంటోంది. "దెబ్బ వినబడతాది, కాలు కనబడదు."

"నువ్వు సుమ్మా ఉండమ్మా," అంటూ ఆమె నోరు మూయించాడు బొమ్మయ్య. నేనూ ముసలావిడ గొణుగుడే అనుకుని సెట్టింగుల్లో పడ్డాను.

చివరికి విసిగిపోయి, "అసలు క్యాసెట్ ఏది?" అన్నాను.

"అది ఏలన్నా? దాంట్లో ఉండేదంతా ఎత్తి పెన్‌డ్రైవ్‌లో వేసినారు కదా. ఇప్పుడు ఉత్త డబ్బా."

నెత్తి కొట్టుకున్నాను. కాపీ తీస్తే టేపు ఖాళీ అవుతుందట! ఆ ఉత్త డబ్బా మల్లప్ప ఫొటో పక్కన కనబడింది. దానికి పసుపు, కుంకుమ, చిన్న దండ. మూత సందులోంచి కుంకుమ టేపు మీదికే జారింది.

"ఫొటోకు బొట్టు పెట్టండవ్వా, క్యాసెట్‌కు ఏల?"

"ఫొటోలో ఆయన నిలబడుకోని ఉండాడు. ఆడేది దాంట్లోనే కదా సామీ."

దండ మెల్లగా తీసి పక్కన పెట్టి, క్యాసెట్‌ను సంచిలో వేసుకున్నాను.

విరుదునగర్‌లో పాత సామాను దాచుకునే స్నేహితుడొకడు ఉన్నాడు. బస్సెక్కి పోయి వాడి వీసీఆర్ అడిగి తెచ్చాను. క్యాసెట్ విప్పి, మెత్తని కుంచెతో కుంకుమ దులిపి, టేపు తుడిచేసరికి నా వేళ్లు పెళ్లికూతురి వేళ్లలా అయ్యాయి.

మళ్లీ వాళ్లింటికి పోయి వీసీఆర్‌ను నేరుగా టీవీకి తగిలించాను. సగాలను కలిపే పని టీవీకే వదిలాను. ఫిల్మ్ మోడ్ ఆపాను, ఎందుకంటే రెండు సగాలూ ఒకే క్షణానివని అది పొరబడుతుంది. షార్ప్‌నెస్ దించాను. బొమ్మను దాని అసలు కొలతకు తెచ్చాను.

"చిన్నగా అయిపోయిందే అన్నా!" అంటూ బొమ్మయ్య చెయ్యి చాచాడు. రిమోట్ నా జేబులో వేసుకున్నాను.

రంగులు వెలిసిన బొమ్మ వచ్చింది. అతని ముఖం వాడిపోయింది. "దీనికి ఆ హెచ్‌డీనే మేలు."

నేను నోరు తెరిచేలోపు ఉరుమి వేగం పెరిగింది. మల్లప్ప చివరి చుట్టు తిరిగాడు. రెండు పెద్ద దెబ్బల నడుమ ఒక చిన్న దెబ్బ పడింది. సరిగ్గా దాని మీద ఆయన కుడి మడమ నేలను తాకి, అంతలోనే లేచింది.

వీరమ్మ మోకాలి మీద చరిచింది. "అదో! అదో కాలు!"

బొమ్మయ్య లేచి నిలబడ్డాడు. దయ్యపు కాళ్ల మధ్య ఆ మడమ అతనికి ఎన్నడూ కనబడలేదు. వరసలోని వాళ్లందరికీ అది లేకుండానే నేర్పిస్తున్నాడు.

"అమ్మా, ఇదేనా నువ్వు చెప్తా ఉంటివి?"

"చెప్తానే ఉంటిని. వినింది ఎవురు?" అంటూ ఆవిడ కొడుకును ఒకసారి, నన్ను ఒకసారి చూసింది.

బొమ్మయ్య టీవీ ముందే అడుగు వేశాడు. తప్పింది. మళ్లీ వేశాడు. వీరమ్మ మోకాలి మీద దెబ్బ వేస్తూ పోయింది. ఎప్పటికో మడమా దెబ్బా ఒక్కటయ్యాయి. ఆవిడ చెయ్యి ఆగిపోయింది, కొంగుతో ముఖం కప్పుకుంది. నేను టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. అన్నాళ్ల చిరాకు ఎటు పోయిందో తెలియదు.

రెండు ఫీల్డులూ విడివిడిగానే ఉండేలా కొత్త కాపీ తీసిచ్చాను. సామాను సర్దుకుంటుంటే వీరమ్మ కుంకుమ భరిణెతో క్యాసెట్ వైపు నడిచింది. "అవ్వా!" అని కేక పెట్టాను. ఆగి, ఆలోచించి, ఫొటోకు మాత్రం బొట్టు పెట్టింది.

"అన్నా, కొడై అయినాక పక్కల్లో ఆ నల్లది నింపుకోవచ్చునా?" అన్నాడు బొమ్మయ్య. వాణ్ణి మార్చడం నా వల్ల కాదు.

నేనైతే మారాను. ఇప్పుడు ఎవరైనా పడం సరిలేదని పిలిస్తే ముందు రిమోట్ పట్టుకోను. దాంట్లో ఏం చూద్దామని కూర్చున్నారో అడుగుతాను. అదీ ఇంటి యజమానిని కాదు, మూలన కూర్చున్న మనిషిని.