మధ్య సీటుకి నలుగురు

నేను లావయ్యానన్న సంగతి మా ఇంటి అద్దం చాలాకాలంగా చెబుతూనే ఉంది. దాని మాట నేనెప్పుడూ ఖాతరు చెయ్యలేదు. చీర కట్టుకునేదానికి అదొక సుఖం. బొత్తాలు తెగవు, కుచ్చిళ్ళు రెండు తగ్గుతాయి, అంతే. చివరికి ఆ మాట నాచేత ఒప్పించినవాడు మా ట్రెక్కరు డ్రైవరు.

మా కాపురం రాయగడలో, నా ఉద్యోగం టికిరి బళ్ళో. లెక్కలు చెబుతాను. రైలు వేళలకీ బడి గంటకీ పొత్తు కుదరదు కనుక పదకొండేళ్ళుగా ట్రెక్కరులోనే వెళ్తున్నాను. ట్రెక్కరంటే మా వైపు మనిషికింతని తిరిగే జీపు. అందులో ఎంతమంది కూర్చోవాలో తయారుచేసినవాడు ఒక లెక్క వేశాడు, మా డ్రైవరు ఇంకో లెక్క వేశాడు. మధ్య సీటుకి నలుగురన్నది రెండో లెక్క. ఊపిరాడినా ఆడకపోయినా నలుగురే.

సంతరోజున ఆ నాలుగో మనిషి ఒక ముసలామె. టికిరికి కొంచెం ఇవతల కల్వర్టు దగ్గర గంపతో ఎక్కేది. అల్లం, చిలగడదుంపలు, ఏ కాలంలో ఏది పండితే అది తెచ్చేది. ఆమె మాట కొండవాళ్ళ దేశియా, నాది బళ్ళో నేర్చిన బడి ఒరియా. "తిన్నావా?" అని ఆమె అడగడం, "తిన్నాను" అని నేను చెప్పడం, మా స్నేహమంతా ఇంతే.

ఒక సంతనాడు డ్రైవరు కల్వర్టు దగ్గర బండి నెమ్మది చేశాడు. వెనక్కి తిరిగి సీటు వైపు చూశాడు. నా మొహం చూడలేదు, సీటే చూశాడు. తరువాత ముసలామెతో "పొఛొ గాడి" అన్నాడు, వెనక బండిలో రమ్మని. గంప నెత్తిన పెట్టుకుని ఆమె అక్కడే నిలబడిపోయింది.

"ఎందుకు ఎక్కించుకోలేదు?" అని అడిగాను.

"సోటేదండీ టీచరుగారూ? ముగ్గురికే నిండిపోనాది. ఏటనుకోకండి, ఇదివరకు నలుగురు పట్టీవోరు," అన్నాడు.

మిగతా ఇద్దరూ గాలికి ఎగిరిపోయేలా ఉన్నారు. నాలుగో చోటు ఎవరు మింగారో తేల్చడానికి లెక్కల టీచరు అక్కర్లేదు.

తరువాతి సంతకీ అదే జరిగింది. ఆ మధ్యాహ్నం బడి విరామంలో సంతకి వెళ్ళాను. అక్కడ ముందొచ్చినవాళ్ళు రోడ్డువార గోనెపట్టా పరుచుకుంటారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఎండుచేపల వెనక, కాలవగట్టు మీద చోటు. అక్కడిదాకా కొనేవాళ్ళు రారు. ముసలామె ఆ గట్టు మీదే కూర్చుని ఉంది, గంప నిండుగానే ఉంది. నన్ను చూసి నవ్వింది. నా జబ్బ పట్టుకుని నొక్కి చూసి, "బాగా తిన్న ఒళ్ళు, అదృష్టవంతురాలివి" అంది తన భాషలో. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు, నిజంగానే సంతోషించింది. నాకు మాత్రం తల తీసేసినట్టయింది. ఆ సాయంత్రం పిల్లలకి భాగహారం చెబుతూ మధ్యలో ఆగిపోయాను.

మా వీధిలోనే ఒకావిడ ముందుగదిలో ఆరోగ్య క్లబ్బు నడుపుతోంది. గోడ మీద ఆవిడవే రెండు ఫొటోలు, తగ్గకముందు, తగ్గిన తరువాత. మొదటిది ఊపిరి వదిలేసి తీయించుకుంది, రెండోది బిగబట్టి. అక్కడ ఏం చెప్పినా చప్పట్లు కొడతారు. మంచినీళ్ళు తాగానంటే చప్పట్లు, మెట్లెక్కానంటే చప్పట్లు. నేను నా పేరు చెప్పినందుకే కొట్టారు. ఆవిడ నా చేతిలో పొడి డబ్బా పెట్టింది. దాని ధర వినేసరికే నా ఆకలి సగం చచ్చింది.

"పొద్దున్న ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు, భోజనానికి బదులు. బదులండీ, అది మర్చిపోకండి," అంది ఆవిడ.

నేను మర్చిపోలేదు. కానీ ఆ మాట మా అత్తగారికి కూడా ఒప్పుదల కావాలి కదా. వంటింట్లో ఆవిడ తీర్పుకి అప్పీలు లేదు. శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా వచ్చి, మున్సిపాలిటీలో నీళ్ళ పంపు నడిపే మావయ్యగారికి నలభై ఏళ్ళు క్యారేజీ కట్టిన మనిషి. పొడి నీళ్ళలో కలిపి చూపించాను. వాసన చూసింది.

"ఏటమ్మీ ఇది? కుడితినాగుంది."

"ఇదే తాగాలి అత్తమ్మా. తాగితే తగ్గుతాను."

"కుడితి గేదె తాగుతాది. కోడలికి పోసేనంటే నలుగురూ నన్నేటంటారు?"

మర్నాటి నుంచి ఆ పొడి తనే కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. అద్భుతంగా ఉండేది. అంత రుచిగా ఉన్నప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు, రానివ్వలేదు. చిక్కటి గేదెపాలు, రెండు అరటిపళ్ళు, బెల్లం, గుప్పెడు జీడిపప్పు నూరి అందులో పోస్తోందని పది రోజుల తరువాత కళ్ళారా చూశాను. చూసీ ఊరుకున్నాను. నేనేమీ శాపం తగిలి లావెక్కినదాన్ని కాదు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చేది. గ్లాసు కింద పెట్టగానే కంచం వచ్చేది.

"తాగేవు సరే. ఇంక తిను."

మా ఇళ్ళల్లో తాగింది తిండి కాదు. టీ తిండి కాదు, మజ్జిగ తిండి కాదు. పంపుహౌసు కూలీలు పదింటికి చెంబుడు చోడి అంబలి తాగి, మధ్యాహ్నం "పొద్దుటినుంచీ ఏటీ తిన్లేదు" అని కూర్చునేవారట, అదీ అబద్ధం కాదన్నట్టు. అలాంటి ఇంట్లో గ్లాసులో పోసినదాన్ని భోజనమంటే ఎవరు నమ్ముతారు? పొద్దున్న ఆ గ్లాసు, దాని వెనక ఉప్మా. రాత్రి ఆ గ్లాసు, దాని వెనక పప్పన్నం, మీద రెండు ముద్దలు పెరుగన్నం, పెరుగు తినకుండా లేస్తే అశుభమని.

నెల తిరిగాక క్లబ్బులో తూచారు. రెండు కిలోలు పెరిగాను. చప్పట్లకి ఎత్తిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. క్లబ్బావిడ మాత్రం తడుముకోలేదు.

"ఇది కొవ్వు కాదండీ, కండ," అంది. చప్పట్లు కొట్టారు.

మర్నాడు సంత. ఆ కండతోనే ట్రెక్కరెక్కాను. పక్కనున్నావిడ సగం సీటు మీద, సగం గాలిలో కూర్చుంది. కల్వర్టు దగ్గర డ్రైవరు బండి నెమ్మది కూడా చెయ్యలేదు.

ఆ సాయంత్రం అత్తగారు చేటలో బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. కల్వర్టు, వెనక బండి, కాలవగట్టు, అమ్ముడుపోని గంప. ఆవిడ చేట కింద పెట్టింది.

"ఎన్ని సంతలయ్యింది?"

"ఏడో ఎనిమిదో."

"ముసిల్దాన్ని రోడ్డుమీద నిలబెట్టీసి నువ్వు బండిలో కూకున్నావా?" అంది. "మీ మావయ్యకి ఉద్యోగం కాయం కాకముందు నేనూ దోసకాయలమ్మేను. ఎనక వరసలో కూకుంటే ఎలాగుంటాదో నాకెరుక," అంది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న పీట వేసింది. కంచంలో చిన్న గిన్నె పెట్టి, అందులో ఉత్త నీళ్ళలో కలిపిన పొడి పోసింది. అలవాటు కొద్దీ కంచం అంచున ఉప్పూ, ఆవకాయ ముక్కా వేసింది. చెంచాతో అంతా తినేదాకా ఎదురుగా కూర్చుంది. నిజంగా కుడితే. గేదెల ఓర్పు మీద నాకు గౌరవం పెరిగింది. గిన్నె ఖాళీ కాగానే చెంబుతో నా చేతి మీద కంచంలోనే నీళ్ళు పోసింది.

"సెయ్యి కడిగీసేవు. ఇంక నీకు వడ్డించకూడదు," అంది.

చెయ్యి కడిగిన కంచంలో మళ్ళీ వడ్డించడం మా ఇంట్లో లేదు. ఆ నీళ్ళతో ఆవిడ నన్ను కాదు, తన చేతినే కట్టేసుకుంది. ఆ రాత్రి గరిటె అన్నం గిన్నె దాకా వెళ్ళి వెనక్కి రావడం చూశాను. నాకంటే ఆవిడకే ఎక్కువ కష్టమైంది.

అలా చలికాలం, ఎండాకాలం గడిచాయి. తగ్గాను. క్లబ్బావిడ నా ఫొటో గోడకెక్కించి, పొడి మహిమ అని రాసింది. చెంబు సంగతి చెప్పబోయాను. అంతలో చప్పట్లు మొదలయ్యాయి.

వానలకి ముందు ఒక సంతనాడు డ్రైవరు కల్వర్టు దగ్గర నెమ్మది చేసి, వెనక్కి తిరిగి సీటు చూశాడు. "కొంచెం జరుగుదురూ," అని బండి ఆపాడు. ముసలామె గంపని బండి పైన కట్టించి, ఎక్కి నా పక్కన ఇరుక్కుంది. నలుగురం పట్టాం. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆమె నా వైపు చూసి నవ్వబోయి ఆగింది. జబ్బ పట్టుకుని నొక్కింది. చేతికి ఏమీ దొరకలేదు కాబోలు, మొహం వాడిపోయింది.

"జ్వరమొచ్చిందా? ఇంట్లో తిండి పెట్టడం లేదా?" అని అడిగింది.

నా బడి ఒరియాలో "తిన్నాను" అన్నాను. ఆమె కొంగు ముడి విప్పింది. ఉడకబెట్టిన చిలగడదుంపలు మూడున్నాయి, ఆమె మధ్యాహ్నం తిండి. వద్దని తలూపాను. ఒకటి చేతిలో పెట్టింది, తిన్నాను. రెండోది పెట్టింది, అదీ తిన్నాను. ట్రెక్కరులో చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు లేవు. మూడోది కూడా పెట్టింది.