చెవితమ్మెంత మెత్తన

ఇనుకై చిసాతో అనే శాస్త్రవేత్త చెయ్యి ఎప్పుడూ చెవితమ్మె మీదే ఉంటుంది. ఉండ్రాళ్లకు పిండి చెవితమ్మెంత మెత్తగా పిసకాలని ఆవిడ ఊరు కనజావాలో ప్రతి అమ్మా చెబుతుంది. ప్రయోగశాలలో కణాలు పెంచే జిగురు పరుపునూ ఆవిడ అలాగే చూస్తుంది: గిన్నెలో మిగిలిన ముద్దను ఒక వేలితో, చెవిని ఇంకో వేలితో నొక్కి, సరే అంటుంది. ఆ కణాలు మెత్తటి చోట నరాలవుతాయి, గట్టి చోట ఎముకవుతాయి. ఆ ఉదయం సూక్ష్మదర్శినిలో చూస్తే, నరాల్లా కొమ్మలు వేయాల్సినవి బల్లపరుపుగా పరుచుకుని ఉన్నాయి. వాటిని చూడడానికి ఆసుపత్రి డాక్టర్లు అప్పటికే మెట్లెక్కుతున్నారు.

"కణాలు పెంచమంటే అట్లు పోశావేమిటి తోయా!" అని సహాయకుడి మీద విరుచుకుపడింది.

"మీ పరుపే పెనంలా ఉందేమో చూసుకోండి మేడం," అన్నాడు తోయా, మొహం ఎర్రబడి.

"చెవితమ్మెంత మెత్తన!" అంటూ ఆవిడ చెమట తుడుచుకోబోయింది. వేలు నుదుటి మీద ఆగిపోయింది. పైన చర్మం మెత్తగానే ఉంది. కింద ఎముక. కణాలు స్పష్టంగా కనబడాలని గాజు మీద పరుపును పాలమీగడంత పల్చగా పోసింది తానే.

తలుపు తెరుచుకుంది.

"నీ కణాలకేం తోయా, బంగారం. నా పరుపు కింద వాటికి గాజు తగిలింది," అని అందరూ వినేలా చెప్పి, ఆవిడ క్షమించమన్నట్టు నడుం వంచింది. డాక్టర్ల వైపు కాదు, తోయా వైపు.