దుఃఖానికి మూలం

మాది కోవిల్‌పట్టి. కాలేజీలో ముప్పై ఏళ్లు తత్వశాస్త్రం చెప్పాను. నా పాఠానికి నిద్రపోయినవాళ్లకు లెక్కలేదు గానీ, కంటతడి పెట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

రిటైరయ్యాక విరుదునగర్‌లో తెలుగు కుటుంబాల సభలో ‘దుఃఖానికి మూలం’ గురించి మాట్లాడమన్నారు. భోజనాలు నా ఉపన్యాసం తర్వాతే. ఆ రోజు జలుబు చేసి నా ముక్కు పూర్తిగా మూసుకుపోయింది.

పది నిమిషాలకే ముందు వరస ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకోసాగారు. తర్వాత మగవాళ్లూ మొదలుపెట్టారు. చివరికి నా కళ్లలోనూ నీళ్లు! నా మాటలకు నేనే కరిగిపోతున్నానని మురిసిపోయి, అరగంట ఉపన్యాసాన్ని గంటన్నర లాగాను. బుద్ధుణ్ణీ వదల్లేదు, ఉపనిషత్తులనూ వదల్లేదు.

ఆఖరికి మైకుతో సహా వేదిక దిగి, ముక్కు చీదుకుంటున్న ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాను.

“ఏడవకమ్మా. మన దుఃఖానికి మూలం ఏమిటో ఇప్పుడు తెలిసిందా?” అని మైకు ఆమె నోటి దగ్గర పెట్టాను.

“తెలియకేమి సామీ! పక్క గోడౌన్లో మిరపకాయల మూటలు దులపతా ఉండారు. మీరు నిలిపితే మేము అన్నం తిని ఇండ్లకు పోతాము.”

హాలంతా దగ్గుతూనే నవ్వింది.

దుఃఖానికి మూలమూ, అది పోయే దారీ ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది. ఇంత చదివిన నేను చేయగలిగిన సాయం ఒక్కటే. మైకు కట్టేశాను.