నేను విప్పేసిన ఇమామ్ జామిన్

మిమ్మల్ని సాకిన మనిషిని ఎప్పుడైనా ఎరగనన్నారా? నేనన్నాను.

నిన్న చిలకలగూడలో ఒక ముసలమ్మ, ఊరెళ్లే మనవరాలి జబ్బకు ఇమామ్ జామిన్ కడుతోంది. గుడ్డలో నాణెం చుట్టి, క్షేమంగా తిరిగి రావాలని ముస్లింలు కట్టేది. నా ఈడువాళ్లకు గుర్తుందా?

పోలీస్ యాక్షన్ అయి నిజాం రాజ్యం పోయిన కొత్తలో నాన్న నన్ను ఊరికి పంపుతుంటే, తల్లిలేని నన్ను సాకిన పక్కింటి ముస్లిం పిన్ని, నేను ఖాలా అని పిలిచే ఆమె, స్టేషన్‌కొచ్చి అదే కట్టింది. "ఇప్పకు బిడ్డా. నువ్వొచ్చేదాక నా పానం కుదురుగుండదు."

రైలు పెట్టెలో ఒకాయన నవ్వాడు. "ఏందే, తురకోళ్ల పిల్లవా?"

"కాదు. ఆమె మాకేం గాదు" అని విప్పి కిటికీలోంచి పారేశాను. రైలింకా కదల్లేదు, ఖాలా ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంది. వంగి దాన్ని ఏరుకుని, "పైలం బిడ్డా" అంది. నేను తిరిగొచ్చేసరికి వాళ్లిల్లు ఖాళీ.

అరవై ఏళ్లుగా చర్చిల్లో ప్రేమ గురించి వాక్యం చెబుతున్నాను. ఈ పాపం ఏ సభలోనూ ఒప్పుకోలేదు. రక్తసంబంధం లేకుండా మిమ్మల్ని పెంచినామె బతికుంటే ఇవాళే లేచి వెళ్లండి. ఈమె మా అమ్మే అని వీధంతా వినబడేలా చెప్పండి.