ఎనభై ఏడో వరుసలోని పేరు

ఆ సాయంత్రం హాల్లో ఉన్నవి: నూట యాభై కుర్చీలు, రెండు మైకులు, ఒక ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్, దానికో అదనపు బల్బు, ఆరు చాయ్ ఫ్లాస్కులు. ఉన్నవాళ్లు: ప్రసంగించడానికి వచ్చిన లా ప్రొఫెసర్, ఏటా ఈ సభ జరిపించే అడ్వకేట్ సుగుణ గారు, శ్రోతలు, తలుపు పక్కన బల్ల వేసుకుని నేను. ఇవన్నీ ఇంత కచ్చితంగా చెప్పగలిగిన నేను ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్లుగా మోస్తూనే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తొంభైల చివర. మాదాపూర్‌లో అద్దాల భవనాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. మానవ హక్కులు, శరణార్థుల రక్షణ మీద సుగుణ గారు ఏటా పెట్టే బహిరంగ ప్రసంగానికి ఆ ఏడు మా కంపెనీ తన శిక్షణ హాలు ఇచ్చింది. ఏర్పాట్లు నాకు అప్పగించింది. నాకు ఇరవై నాలుగేళ్లు. సభ అనుకున్న నిమిషానికి మొదలైంది, అనుకున్న నిమిషానికి ముగిసింది. మైకు ఒక్కసారి కూడా కీచుమనలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానా? అవును, చెప్పుకుంటున్నాను. ఆ గర్వం ఈనాటికీ తగ్గలేదు.

వచ్చినవాళ్లు నా బల్ల దగ్గర పేరు, ఊరు, వృత్తి రాయాలి. ఎనభై ఏడో వరుసలో ఒకాయన ఊరు, వృత్తి రాసి పేరు వదిలేశారు. వేరే దేశం నుంచి ప్రాణభయంతో వచ్చి, ఆరేళ్లుగా ఇక్కడే ఉంటూ ఇక్కడి మాటే నేర్చుకున్న మనిషి. చాయ్ సమయంలో నేనే వెళ్లి అడిగాను.

"ఏంది తమ్ముడూ, పేరు రాయకుంటే చాయ్ ఇవ్వవా?" అని నవ్వారు.

"చాయ్ ఇస్తాను సార్. అందరివీ ఉన్నాయి, మీదొక్కటే ఖాళీ."

"ఉండనీ. నా తమ్ముడు ఇంకా ఆడనే ఉన్నడు. నా పేరు ఇక్కడ పడితే, ఆని పేరు అక్కడ పడ్తది. సమజైందా?"

"అయింది సార్. రాయను."

నిజంగానే అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

తర్వాతి వారం, జరిగిన సభ గురించి ఒక వెబ్ పేజీ తయారు చేశాను. అప్పట్లో అదొక వింత. వచ్చినవాళ్ల జాబితా పెట్టమని సుగుణ గారు అడగలేదు, ఆ ఆలోచన నాదే. జాబితాను పేజీగా మార్చడానికి చిన్న ప్రోగ్రాం రాశాను. పేరు లేని వరుసను అది ఒప్పుకోదు, అలా రాసింది నేనే. ఎనభై ఏడు దగ్గర ఆగిపోయింది. ఒక చిన్న గీత పెట్టి ఉండవచ్చు. ఆ వరుసే తీసేసి ఉండవచ్చు. కానీ కిందికి దిగి, గుర్తింపు కార్డు చూసి పేర్లు రాసుకునే గేటు రిజిస్టర్ తెరిచి, నా జాబితాలో లేని ఒకే ఒక్క పేరు, ఆయన పూర్తి పేరు, తెచ్చి నింపాను. మాటిచ్చిన సంగతి మరిచిపోయానా? లేదు. జాబితా పూర్తికావడం ఆ క్షణంలో ఒక మనిషి తమ్ముడి కంటే నాకు ముఖ్యమైపోయింది. దీన్ని ఇంతకంటే మర్యాదగా చెప్పే దారి ఎంత వెతికినా దొరకలేదు.

సుగుణ గారు నా కంప్యూటర్‌లోనే పేజీ చూసి, అందరి ముందూ, "ఇన్నేళ్లలో ఇంత చక్కటి పని ఎవరూ చేసిపెట్టలేదండి" అన్నారు. జాబితా దాకా చూసినట్టు లేరు.

పేజీ పెట్టిన పదకొండో రోజు దాన్ని నేనే మురిపెంగా చదువుకుంటున్నాను. ప్రొఫెసర్ మాటను లావు అక్షరాల్లో పెట్టాను: ప్రాణభయం ఉన్నచోటికి ఎవరినీ తిప్పి పంపకూడదు. కొంచెం కిందికి జరిపితే ఆయన పేరు.

వెంటనే జాబితా మొత్తం తీసేశాను. ఆయన ఎక్కడుంటారో సుగుణ గారికే తెలుసు, ఆయన్ను హెచ్చరించాలంటే ఆమెకు చెప్పాలి. ఆమె నంబరు నా జేబు డైరీలోనే ఉంది. చేయలేదు. ఫోన్ చేస్తే ఆమె అన్న ఆ మంచి మాట పోతుంది. అంతే కారణం.

మరుసటి ఏడు ఆయన రాలేదు. వేరే ఊరు వెళ్లారట అని సుగుణ గారు అన్నారు. ఎందుకని నేను అడగలేదు. ఆ ఏడు నేనొక నియమం పెట్టాను: పేరు రాయడం ఎవరి ఇష్టం వారిది, సభ ముగిశాక కాగితాలు చించేయాలి. ఎంత ముందుచూపో అని అందరూ అన్నారు. ఆ నియమం ఎవరినో ఒకరిని కాపాడే ఉంటుందని నమ్ముతాను, గర్వపడతాను. అది ఎక్కడి నుంచి పుట్టిందో మాత్రం చెప్పలేదు.

ఆయన తమ్ముడికి ఏమైంది? ఏమీ కాకపోయి ఉండవచ్చు. నాకు తెలియదు. తెలుసుకోగలిగిన రోజుల్లో తెలుసుకోలేదు. క్షమించమని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. ఇలా రాసి పెట్టాక ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది.

పేజీ అడుగున, ఎన్నిసార్లు తెరిచారో చూపే లెక్క ఒకటి ఉండేది. జాబితా తీసేసేముందు దాన్ని రాసుకున్నాను. పదకొండు రోజుల్లో నలభై ఒకటి. అందులో నేను తెరిచినవి పద్నాలుగు. ఎవరు తెరిచారో తెలియనివి ఇరవై ఏడు.